పొట్లముమీది బొమ్మ – డిజైనరుతో పని చేయించుకొను విధము

(రైతు ఉత్పత్తిదారుల సంఘముల సభ్యుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మిరపకు తెగులు వచ్చినప్పుడు ఏమి చేయవలెనో, పసుపును ఎట్లు ఉడికించి ఆరబెట్టవలెనో ఈ వేదికమీదనుండి చెప్పువారు చాలమంది ఉన్నారు. నేడు నాకు అప్పగించిన విషయము వానికి కొంత దూరముగా కనబడవచ్చును. మన సరుకు పొట్లముమీద బొమ్మ గీసి, అక్షరములు కూర్చి ఇచ్చు డిజైనరుతో మనము ఎట్లు మెలగవలెను, అతనిచేత మంచి పనిని ఎట్లు రాబట్టుకొనవలెను అనునది ఆ విషయము. దీనితో రైతునకేమి పని అని మీలో కొందరికి తోచవచ్చును.

కేంద్ర ప్రభుత్వము 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను ఏర్పరచు పథకమును 2020లో ప్రారంభించిన తరువాత మన రెండు తెలుగు రాష్ట్రములలోను అనేక సంఘములు పుట్టినవి. వానిలో కొన్ని సరుకును బస్తాలలో యార్డునకు తోలుటతో ఆగక, కారముగా, పసుపుపొడిగా, పప్పుగా, పచ్చడిగా మార్చి పొట్లము కట్టి అమ్ముచున్నవి. బస్తాలో అమ్మినంతకాలము కొనువాడు కాయను చేతిలోనికి తీసికొని, విరిచి, వాసన చూచి ధర కట్టును. పొట్లములో పోసి అతికించిన మరుక్షణమే ఆ అవకాశము పోవును. దుకాణములో నిలుచున్న ఇల్లాలు చూడగలిగినది పొట్లము పైభాగమును మాత్రమే. ఆరునెలలు పొలములో పడిన శ్రమ తరఫున మాటాడునది ఆ కాగితపు ముక్కయే. కావున దానిని గీయువానితో సరిగా పని చేయించుకొనుట కూడ ఇప్పుడు సేద్యములో ఒక భాగమైనది.

పని చెడినప్పుడు ఎట్లు చెడునో మొదట చెప్పెదను. ఒక సంఘము కారము పొట్లములకు బొమ్మ వేయించినది. సంఘము పేరు ఇక్కడ అక్కరలేదు. పండుగలోపల సరుకు బజారులో ఉండవలెనని తొందర. విషయమంతయు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పినారు. లైసెన్సు సంఖ్య ఒకరు పంపినారు, చిరునామా మరియొకరు పంపినారు, అధ్యక్షుడు ఎరుపు కావలెనన్నాడు, కార్యదర్శి ఆకుపచ్చ కావలెనన్నాడు. 20,000 పొట్లములు అచ్చయి వచ్చినవి. చూడగా 14 అంకెలు ఉండవలసిన ఆహారభద్రతా లైసెన్సు సంఖ్యలో 13 మాత్రమే ఉన్నవి. ‘స్వచ్ఛమైన’ అను మాట ‘స్వచ్చమైన’ అని పడినది. ధర కూడ అచ్చులోనే వేసినందున, మిరప రేటు మారగానే ఆ ధర పనికిరాకపోయినది. సభ్యులందరు డిజైనరుమీద పడినారు. అతడు తన ఫోను తీసి చూపినాడు. అతనికి పంపిన సందేశములోనే 13 అంకెలున్నవి. తప్పు బొమ్మలో లేదు, బొమ్మకు ముందు వ్రాయవలసిన కాగితములో ఉన్నది. అట్టి కాగితమే లేదు. ఆ పొట్లముల ఖర్చు సభ్యుల వాటాధనములోనుండి పోయినది.

నారు పోయకముందు మడి తయారుచేయుట మనకు క్రొత్త కాదు. డిజైనరు దగ్గరకు పోకముందు చేయవలసిన పని కూడ అట్టిదే.

ముందుగా ఒక భేదమును గుర్తించవలెను. పట్టణములో డి.టి.పి. కేంద్రమున అక్షరములు కూర్చువాడు వేరు, డిజైనరు వేరు. మొదటివాడు మీరు చెప్పినది చెప్పినట్లు కూర్చి ఇచ్చును. శుభలేఖకు, కరపత్రమునకు అది చాలును. ఈ సరుకు ఎవరి కొరకు, ఏ దుకాణములో, ఏ సరుకు ప్రక్కన నిలువబడును అని ఆలోచించి తగిన రూపము కట్టుట డిజైనరు పని. తాపీమేస్త్రీకిని, ఇంటి ప్లాను గీయు ఇంజనీరునకును ఉన్న తేడా వంటిది. ఇంజనీరును పిలిచి ‘ఇటుక ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు’ అనుచు కూర్చున్నచో అతనికిచ్చు జీతము దండుగ. అట్లని ఇంటిలో ఎందరున్నారో, ఎద్దులు ఎన్నియో, వాన ఏ వైపునుండి కొట్టునో చెప్పకపోయినను అతడేమియు చేయలేడు.

కావున సంఘములో పదిమంది కూర్చుండి మొదట ఒక కాగితము వ్రాసికొనవలెను. రెండు పుటలు చాలును. మన సరుకు ఏమి, ఎవరు కొందురు, పల్లె కిరాణా కొట్టులో తీగకు వ్రేలాడదీయుదురా, హైదరాబాదు, విజయవాడ నగరములలోని పెద్ద దుకాణముల అరలలో నిలుపుదురా, లేక తపాలాద్వారా పంపుదురా – ఇవి వ్రాయవలెను. తీగకు వ్రేలాడు 50 గ్రాముల పొట్లమునకును, అరలో నిలుచు అరకిలో సంచికిని పనికివచ్చు బొమ్మ ఒకటి కాదు. తరువాత, ప్రక్క సంఘము సరుకుకును మన సరుకుకును ఉన్న నిజమైన భేదమేమో ఒక్క వాక్యములో వ్రాయవలెను. ‘నాణ్యమైనది’ అని వ్రాసిన లాభము లేదు. ఆ మాట అన్ని పొట్లములమీదను ఉన్నది. ‘తొడిమ తీసి ఆడించిన కారము’ అనిన అది ఒక సంగతి. ‘రోటిలో దంచిన పసుపు’ అనిన అదియు ఒక సంగతి. నిజముగా దంచినప్పుడు మాత్రమే. ఇట్టి ఒక్క ముక్క దొరికినచో డిజైనరునకు సగము పని అయినట్లే. మీ కంటికి నచ్చిన నాలుగు పొట్లములను, నచ్చని నాలుగు పొట్లములను సంచిలో వేసికొని పోయి అతని ముందు పెట్టుడు. మాటలలో చెప్పలేనిది వానిని చూపి చెప్పవచ్చును. అయితే ‘ఫలానా పెద్ద కంపెనీ పొట్లమువలెనే మాకును చేయి’ అని మాత్రము అడుగరాదు. కొనువారు భ్రమపడునట్లు ఇతరుల మార్కాను పోలిన మార్కా పెట్టినచో వ్యాజ్యము వచ్చును; వచ్చునది డిజైనరుమీదికి కాదు, మనమీదికి.

ఇక చట్టప్రకారము పొట్లముమీద ఉండవలసిన సంగతులు. ఇవి డిజైనరునకు తెలిసియుండునని అనుకొనరాదు. కొందరికి తెలియును, చాలమందికి తెలియదు. వీనిని ఒకచోట చేర్చి ఇచ్చు బాధ్యత సంఘముదే. ఆహార పదార్థము పేరు, అందులో కలిసిన దినుసుల జాబితా, నియమము వర్తించు సరుకులకు పోషక విలువలు, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ చదరము లోపలి ఆకుపచ్చ చుక్క, ఆహారభద్రతా సంస్థ గుర్తు, దాని క్రింద 14 అంకెల లైసెన్సు లేక రిజిస్ట్రేషను సంఖ్య, తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా, నికర తూకము, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడవలెనో ఆ తేదీ, ఫిర్యాదులకు ఫోను, ఇ-మెయిలు – ఇవి ఉండవలెను. తూనికలు కొలతల చట్టము క్రింద 2011 నాటి నియమముల ప్రకారము అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర వేయవలెను. కిలోకు తక్కువ తూకమైనచో గ్రాము ఒక్కింటికి ఎంత పడునో, ఎక్కువైనచో కిలోకు ఎంత పడునో కూడ ఇప్పుడు చూపవలసియున్నది. అక్షరముల ఎత్తు ఎంత ఉండవలెను, ఆకుపచ్చ చుక్క ఎంత పెద్దదై ఉండవలెను అనునవి పొట్లము ముందుపలక వైశాల్యమునుబట్టి నియమములలోనే ఉన్నవి. ఆడించు మిల్లు ఒకరిది, అమ్ము సంఘము వేరొకటి అయినచో ఇద్దరి పేర్లును ఏ విధముగా వేయవలెనో ముందే తెలిసికొనవలెను.

భాష విషయములో చాలమంది పొరపడుచున్నారు. మన సరుకు మన జిల్లాలోనే అమ్ముదుము గదా, అంతయు తెలుగులో వేసిన చాలునని అనుకొందురు. చాలదు. తప్పనిసరి వివరములు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండి తీరవలెను. తెలుగు వానికి అదనముగా వేసికొనవచ్చును. అనగా చిన్న పొట్లముమీద రెండు భాషలకు చోటు కావలెను. ఈ మాట డిజైనరునకు మొదటనే చెప్పనిచో, అందముగా బొమ్మ గీసిన తరువాత అక్షరములను ఇరికించవలసివచ్చి, చివరకు భూతద్దముతో చదువవలసిన పొట్లము తయారగును.

వేయకూడనివి కూడ కొన్ని ఉన్నవి. ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి ప్రక్కన ‘సేంద్రియ’ అని వ్రాయుట డిజైనర్లకు అలవాటు; చూడ ముచ్చటగా ఉండును. కాని తగిన ధ్రువీకరణ పొందిన సరుకుమీదనే ఆ మాట, జైవిక్ భారత్ గుర్తు వేయవచ్చును. 1937 నాటి చట్టము క్రింద వచ్చు అగ్‌మార్క్ ముద్ర కూడ అనుమతి పత్రము ఉన్నవారికే. బంగినపల్లి మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో, వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ ప్రాంతములో పండించినంతమాత్రమున గుర్తింపు ముద్ర పొట్లముమీదికి ఎక్కదు. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకొనవలెను. ‘ఇంట చేసినది’ వంటి మాటలు 2018 నాటి ఆహార ప్రకటనల నియమములకు విరుద్ధము. ‘100 శాతము’ అని వేయవద్దని ఆహారభద్రతా సంస్థ 2025లో సలహా ఇచ్చినది. నాయకుల బొమ్మలు వేయ ముచ్చటపడువారికి ఒక మాట: 1950 నాటి చట్టము ప్రకారము జాతీయ పతాకమును గాని, మహాత్మా గాంధీ చిత్రమును గాని వర్తకపు గుర్తుగా వాడరాదు. దేవుని బొమ్మను ఏ చట్టముతో పనిలేకయే మానుకొనుట మేలని నా అభిప్రాయము. ఉప్పు, కారము అయిపోయిన పొట్లము చెత్తబుట్టలోనికి పోవును. దేవుని బొమ్మను అక్కడ వేయుటకు ఇల్లాలి చేయి ఆడదు. ఆ ఇబ్బంది ఎందుకని మరునాడు వేరొక పొట్లము కొనును.

కాగితము సిద్ధమైనది. ఇప్పుడు డిజైనరుతో మాటాడువారెవరు? ఒక్కరు. మహా అయిన ఇద్దరు. సంఘము తీర్మానము వ్రాసి వారికి అధికారము ఇవ్వవలెను. మిగిలినవారు తమ అభిప్రాయములను ఆ ఒక్కరికే చెప్పవలెను గాని డిజైనరునకు నేరుగా ఫోను చేయరాదు. పదిమంది పది రంగులు చెప్పినచో అతడు పదిమందిని తృప్తిపరచబోయి ఎవరికిని నచ్చని బొమ్మ గీయును. చేతులెత్తి ఓట్లు వేసి బొమ్మను ఎన్నుకొనుట కూడ నాకు సమ్మతము కాదు. ఓట్లలో గెలుచునది తరచు ఎవరికిని అంతగా అభ్యంతరము లేని బొమ్మ. అంటే ఎవరికిని గుర్తుండని బొమ్మ.

ఈ సందర్భమున రైతులకే సంబంధించిన ఒక చరిత్ర చెప్పుట తగును. గుజరాతులోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము 1946లో నమోదైనది. వారి అమూల్ వెన్న ప్రకటనల పని 1966లో సిల్వెస్టర్ డా కున్హా చేతికి వచ్చినది. ఆయనయు, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్‌యు కలిసి చుక్కల గౌను తొడిగిన చిన్నపిల్ల బొమ్మను సృష్టించినారు. ఊరి గోడలమీద, కూడళ్ళలో ఆ పిల్ల ఆనాటి సంగతులనుగూర్చి చమత్కారముగా మాటాడుచుండును. అట్టి ప్రకటన ఆ వారములోనే రావలెను. ఆలస్యమైన రుచి పోవును. ప్రతి బొమ్మను ముందుగా తనకు చూపి అనుమతి పొందనక్కరలేదని డాక్టరు వర్గీస్ కురియన్ వారికి స్వేచ్ఛనిచ్చినారు. పాలరైతుల సంఘము ఒక చిత్రకారుని నమ్మి పని వదలిపెట్టినందున పుట్టిన ఆ పిల్ల బొమ్మ నేటికిని దేశమంతట కనబడుచున్నది. అయితే స్వేచ్ఛ ఇచ్చినది చమత్కారమునకు, బొమ్మకు. తూకమును, లైసెన్సు అంకెలను ఎవరి ఊహకును వదలరాదు.

నమూనా చేతికి వచ్చిన తరువాత దానినిగూర్చి ఎట్లు చెప్పవలెను అనునది అన్నిటికంటె కష్టమైన పని. పైరుకు జబ్బు వచ్చినప్పుడు మీరు కృషి విజ్ఞాన కేంద్రమునకు వచ్చి ఏమి చెప్పుదురు? ఆకు అంచులు ఎండుచున్నవి, క్రింది ఆకులనుండి మొదలైనది, నీరు పెట్టి నాలుగు రోజులైనది అని లక్షణములు చెప్పుదురు. అప్పుడు శాస్త్రజ్ఞుడు కారణము వెదకి మందు చెప్పగలడు. కాక, ‘ఫలానా మందు వ్రాయండి’ అని వచ్చినవానికి అతడేమి సహాయము చేయగలడు? డిజైనరుతోను అంతే. ‘పేరు పెద్దది చేయి, బొమ్మ ఎడమకు జరుపు, పసుపురంగు పెట్టు’ అనునవి మందులు. ‘ఆరు అడుగుల దూరమునుండి పేరు కనబడుట లేదు’, ‘ఇది కారమో టమాట పొడియో తెలియుట లేదు’, ‘మా ఊరివారు దీనిని చూచి మందు పొట్లమనుకొనుచున్నారు’ అనునవి లక్షణములు. లక్షణము చెప్పి మందు అతనికి వదలవలెను. పేరు కనబడకపోవుటకు అక్షరము చిన్నదగుటయే కారణము కానక్కరలేదు. వెనుకనున్న రంగు కారణము కావచ్చును, చుట్టు క్రిక్కిరిసిన బొమ్మలు కారణము కావచ్చును.

ఒక సంఘములో ఇట్టి సంభాషణ నా యెదుట జరిగినది. ఒక పెద్దాయన డిజైనరు కుర్రవానితో, “బాబూ, నీ బొమ్మ బాగుంది గాని మా ఆవిడ చదవలేకపోయింది” అన్నాడు. ఆ కుర్రవాడు, “ఎక్కడ చూపించారు పెదనాన్నా, ఇంట్లోనా కొట్లోనా?” అని అడిగినాడు. “కొట్లోనే. పైన గొట్టపు దీపం వెలుగు పడి తళతళ మెరిసిందిరా.” అంతట కుర్రవాడు అక్షరముల జోలికే పోలేదు. మెరుపులేని మందపు ఫిల్ము వాడుమని చెప్పినాడు. పని తీరినది. పెద్దాయన ‘అక్షరములు లావు చేయి’ అని ఆజ్ఞాపించియున్నచో అక్షరములు లావయ్యెడివి, మెరుపు అట్లే ఉండెడిది.

నమూనాను ఫోను తెరమీద చూచి తీర్పు చెప్పరాదు. రంగుల కాగితముమీద అచ్చు తీయించి, కత్తిరించి, పాత పొట్లమునకు అంటించి, ఊరి కిరాణా కొట్టులో ఇతర పొట్లముల నడుమ ఒకపూట ఉంచుడు. సంఘముతో సంబంధము లేని నలుగురిని చూడనిండు. ‘బాగున్నదా’ అని అడిగిన అందరును బాగున్నదనియే అందురు; మనవారు మొగమాటపు మనుషులు. ‘ఇందులో ఏమున్నది? ఎంత తూకము? ఎవరు చేసినారు?’ అని అడుగుడు. తడుముకొన్నచో అది మీరు డిజైనరునకు చెప్పవలసిన లక్షణము.

తెలుగు అక్షరములనుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. డిజైనరు బెంగుళూరులోనో బొంబాయిలోనో ఉన్నచో అతనికి తెలుగు రాకపోవచ్చును. వచ్చినను, బొమ్మలు గీయు కొన్ని సాఫ్ట్‌వేరులలో తగిన అమరిక పెట్టనిచో వత్తులు విడిపోయి ప్రక్కన పడును. ‘మిర్చి’ అన్నది మరేదో అగును. పాత డి.టి.పి. ఖతులలో కూర్చినది యూనికోడులోనికి మార్చునప్పుడు కూడ అక్షరములు తారుమారగును. కావున అతనికి పంపు తెలుగు మాటలను టైపు చేసి పంపుటతోపాటు, ఎట్లు కనబడవలెనో తెలియుటకు ఒక ఫోటో కూడ పంపవలెను. తిరిగి వచ్చిన నమూనాను ఊరి తెలుగు మాస్టారికి చూపవలెను. ఆయన అక్షరము అక్షరము వ్రేలు పెట్టి చదువును; మనము మాట మొత్తముగా చూచి, మనస్సులోనున్నదే చదివెదము. ఖతులకు లైసెన్సులు ఉండును. మండలి, రామభద్ర, గిడుగు వంటి కొన్ని తెలుగు ఖతులు వర్తకమునకు కూడ ఉచితముగా వాడుకొనవచ్చును. వేరొక ఖతిని వాడినచో దాని అనుమతి ఎవరు కొనవలెనో మాటాడుకొనవలెను.

ఇప్పుడు కంప్యూటరునకు నాలుగు మాటలు చెప్పిన కృత్రిమమేధ క్షణములో బొమ్మ గీసి ఇచ్చుచున్నది గదా, డిజైనరెందుకు అని మొన్న ఒక యువరైతు అడిగినాడు. ఊహలు రేకెత్తించుకొనుటకు అది పనికివచ్చును. ‘ఇట్టి పోకడ మాకు కావలెను’ అని డిజైనరునకు చూపవచ్చును. కాని అందులో తెలుగు అక్షరములు తరచు తప్పుగా వచ్చుచున్నవి. మిరపకాయలు నింగివైపు నిలుచున్నట్లు, పసుపుకొమ్ము చెట్టుకొమ్మకు కాచినట్లు గీసినను అడ్డగించువారు లేరు. మన పొలము ఫోటోయే మేలు. ప్రొద్దుటి ఎండలో తీసి, వాట్సాప్‌లో పంపునప్పుడు మామూలు ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపవలెను. మామూలుగా పంపినచో అది కుదించుకొనిపోయి అచ్చులో మసకబారును. ఇంటర్నెట్టులో దొరికిన ఫోటోలకు యజమానులుందురు, వానిని ముట్టరాదు.

రంగులు తెరమీద కాంతితో పుట్టును, అచ్చులో సిరాతో పుట్టును. తెరమీద నిప్పువలె వెలిగిన ఎరుపు అచ్చులో ఇటుకరంగున వచ్చినదని డిజైనరును దూషించుట న్యాయము కాదు. ఏ ఫిల్ముమీద అచ్చువేయుదురో ఆ ఫిల్ముమీదనే ఒక నమూనా తీయించి చూచుకొనుటయే దారి. లోపలి సరుకు కనబడు పారదర్శకపు ఫిల్ము అయినచో రంగుల వెనుక తెల్లసిరా వేయనిదే అవి పలుచబడిపోవును. కావున డిజైనరును, అచ్చువేయువానిని బొమ్మ మొదలుకాకముందే ఒకసారి మాటాడించుడు. పొట్లము కొలతలు, అతుకు పడుచోటు, కత్తిరింపుకు వదలవలసిన అంచు అచ్చువేయువానికే తెలియును.

పెద్ద సంఖ్యలో పొట్లములు సాధారణముగా గ్రావ్యూర్ పద్ధతిలో అచ్చువేయుదురు. ఇందులో ప్రతి రంగునకు ఒక లోహపు సిలిండరు చెక్కుదురు. ఏడు రంగులైన ఏడు సిలిండర్లు. తరువాత ఒక్క అక్షరము మార్చవలెనన్నను ఆ రంగు సిలిండరును మరల చెక్కించవలెను. నాలుగు రంగులలో ముగించమని డిజైనరును అడుగుట పిసినారితనము కాదు. మంచి డిజైనరునకు అది అడ్డంకియు కాదు. ధర, బ్యాచి, తేదీలను సిలిండరులో చెక్కించరాదు. వానికొరకు లేత రంగు గడిని ఖాళీగా ఉంచి, పొట్లము కట్టునప్పుడు ముద్ర వేసికొనవలెను. ఆ ముద్ర చేతితో రుద్దిన చెరిగిపోవునేమో ముందు ఒక పొట్లముపై చూచుకొనవలెను. గీతల కోడు వేయువారు నల్లగీతలు తెల్లనేలపై వేయించవలెను. ఎర్ర గీతలను దుకాణపు యంత్రము చదువలేదు. క్రొత్తగా ప్రారంభించు సంఘములు మొదటి పంటకు సిలిండర్ల జోలికి పోక, సాదా సంచిమీద అంటించు లేబుళ్ళతోనో, కొద్ది సంఖ్యలో వేయు డిజిటల్ అచ్చుతోనో గడపుట మంచిదని నేను గట్టిగా చెప్పుదును. తప్పులు అప్పుడు బయటపడిన నష్టము స్వల్పము.

డబ్బు మాట. నలుగురు డిజైనర్లను పిలిచి, అందరు ఊరకే గీసి చూపుడు, నచ్చినవానికి పని ఇచ్చెదమనుట మర్యాద కాదు. కూలికి వచ్చినవానిని ఒకపూట ఊరకే నాటు వేసి చూపుమని అడుగుదుమా? వారు ఇదివరలో చేసిన పనులు చూచి ఒకరిని ఎన్నుకొనవలెను. ఎన్ని నమూనాలు చూపును, ఎన్నిసార్లు దిద్దును, ఎన్ని రోజులలో ఇచ్చును, దిద్దుబాట్లు మించినచో ఎంత అదనము, సొమ్ము ఎన్ని విడతలు – ఇవన్నియు ఒక పుటలో వ్రాసి ఇద్దరు సంతకము చేయవలెను. కొంత బయానాగా ఇచ్చి, కడపటి విడత ఫైళ్ళు చేతికందినప్పుడు ఇచ్చుట వాడుక. మనము చెప్పవలసిన జవాబు వారము ఆలస్యము చేసి, పని మాత్రము అదే తేదీకి అడుగుట చాల సంఘములకు అలవాటు. జవాబు ఎన్నిరోజులలో ఇచ్చెదమో అదియు ఆ పుటలోనే ఉండవలెను.

ఆ పుటలో ఉండవలసిన మరియొక వాక్యము అన్నిటికంటె విలువైనది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, జీతగాడు కాక స్వతంత్రముగా పనిచేయు చిత్రకారుడు గీసిన బొమ్మమీద హక్కు సాధారణముగా అతనిదే. డబ్బిచ్చినాము గదా అని అది మనదైపోదు; వ్రాతమూలకముగా బదలాయించి సంతకము చేయవలెను. ఆ వ్రాతలో కాలపరిమితి చెప్పనిచో అయిదు సంవత్సరములనియే చట్టము భావించును. దేశము చెప్పనిచో భారతదేశమువరకే. కాపీరైటు ఉండు కాలమంతటికి, అన్ని దేశములకు బదలాయించినట్లు స్పష్టముగా వ్రాయించుకొనవలెను. ఆరేండ్లు కష్టపడి ఒక మార్కాకు పేరు తెచ్చిన తరువాత, ఆ బొమ్మ మీది కాదని ఎవరైన అన్నచో సంఘము ఏమి చేయగలదు? డిజైనరు చెడ్డవాడు కానక్కరలేదు. అతడు విదేశము పోవచ్చును, మరణించవచ్చును, వారసులు రావచ్చును. తన పనుల జాబితాలో మన బొమ్మను చూపుకొను స్వేచ్ఛను అతనికి ఉంచుట న్యాయము.

మార్కా పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుట వేరే పని. బొమ్మ గీయించకముందే ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పేరు ఇదివరకే ఎవరిదైన ఉన్నదేమో ఉచితముగా వెదకి చూచుకొనవచ్చును. కారము, పసుపుపొడి వంటివి 30వ తరగతిలోనికి, పచ్చళ్ళు, నూనెలు 29వ తరగతిలోనికి, తాజా పండ్లు 31వ తరగతిలోనికి వచ్చును. 2017 నాటి నియమముల ప్రకారము ఒక్కొక్క తరగతికి ఆన్‌లైనులో రుసుము వ్యక్తులకు, చిన్న సంస్థలకు రూ.4,500, ఇతరులకు రూ.9,000. నమోదు పది సంవత్సరములు ఉండును, మరల పొడిగించుకొనవచ్చును. దరఖాస్తు సంఘము పేరున ఉండవలెను గాని అధ్యక్షుని పేరున ఉండరాదు, అధ్యక్షులు మారుచుందురు.

కడపటి విడత సొమ్ము ఇచ్చునప్పుడు చేతికి రావలసినవి ఏవో చూచుకొనుడు. ఫోటో రూపములోని జేపెగ్ ఫైలు ఒక్కటే వచ్చినచో, రేపు దుకాణము బోర్డుమీద పెద్దది చేయగానే అంచులు పగిలిపోవును. ఎంత పెంచినను చెదరని గీతల ఫైలు – ఏ.ఐ. గాని, ఈ.పి.ఎస్. గాని, ఎస్.వి.జి. గాని – రావలెను. దానితోపాటు అచ్చునకు సిద్ధమైన పి.డి.ఎఫ్., వాడిన ఖతుల పేర్లు, రంగుల సంఖ్యలు కూడ తీసికొనవలెను. సిలిండర్లకు డబ్బు చెల్లించినది మనమే అయినచో అవి సంఘము సొత్తని అచ్చువేయువాని బిల్లులో వ్రాయించుకొనవలెను. లేనిచో అచ్చువేయువానిని మార్చదలచిన రోజున అవి అతని గోదాములో చిక్కుపడును.

అచ్చు మొదలగు రోజున సంఘము మనిషి ఒకడు అక్కడ ఉండుట మంచిది. మొదట వచ్చిన మంచి ముక్కమీద అతడును, అచ్చువేయువాడును సంతకము చేసి, ఒకటి అక్కడ ఉంచి, ఒకటి సంఘము కార్యాలయమునకు తేవలెను. మరుసారి అచ్చువేసినప్పుడు రంగు తేడా వచ్చినదో లేదో దానితో పోల్చి చూడవచ్చును. ఎండ తగిలిన రంగు వెలియును గనుక దానిని గోడకు తగిలించక బీరువాలో పెట్టవలెను. ఫైళ్ళు రెండు పెన్‌డ్రైవులలో ఎక్కించి, ఒకటి కార్యాలయములో, ఒకటి వేరొక చోట ఉంచుడు. వానిపై మార్కా పేరు, తేదీ వ్రాసిన చీటీ అంటించుట మరువవద్దు.